రాయి రాయి అందుకుని: హవాయి ఆదివాసులు సముద్రపు చెరువును మళ్లీ కట్టుకున్న చరిత్ర

ప్రతి జూన్‌లో కొత్త పిల్లల్ని చేర్చుకునేటప్పుడు మా హాస్టల్‌లో ఒక దరఖాస్తు నింపిస్తాం. పేరు, ఊరు, తెగ, తండ్రి వృత్తి. ఆ చివరి గడి దగ్గరికి రాగానే పిల్లల పెన్ను ఆగిపోతుంది. కోస్తా పల్లెల నుంచి వచ్చే యానాది పిల్లల్లో ఎక్కువమంది అక్కడ 'కూలి' అని రాసేస్తారు. వాళ్ల నాన్న కూలికి వెళ్లేది ఏడాదిలో కొన్నాళ్లేనని మాకు తెలుసు. మిగతా రోజుల్లో ఆయన కాలవల్లో, మడ అడవుల్లో చేత్తో పీతలు పడతాడు. బొరియ మూతి చూసి లోపల పీత ఉందో లేదో చెప్పగలడు. ఒకసారి ఒక పాపతో "పీతలు పడతాడని రాయొచ్చు కదమ్మా" అన్నాం. తల దించుకుని "వద్దు మేడం, నవ్వుతారు" అంది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఈ సంచిక వచ్చేది ఆగస్టు 9 సందర్భంగా. 1982లో అదే తేదీన ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ ప్రజల కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. 1994లో ఆ రోజును ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. ఆ రోజు వేదికల మీద మనల్ని తెగ పొగుడుతారు. 'గిరిజనులు ప్రకృతి ప్రేమికులు' అనే మాట లేకుండా ఉపన్యాసం ముగియదు. నిజం చెప్పాలంటే ఆ మాట వింటే మాకు కాస్త విసుగు. ఒట్టి ప్రేమతో ఏ చెరువూ నిలబడదు. ఎవరు పట్టాలి, ఎప్పుడు పట్టకూడదు, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలి అనే లెక్క ఉంటేనే నిలబడుతుంది. మన పెద్దలకు ఆ లెక్క ఉండేది. దాన్ని మన చేతుల్లోంచి లాగేసుకుని, ఇప్పుడు ప్రేమ ఉందని మెచ్చుకుంటున్నారు.

ఈ సంగతి బాగా తెలియాలంటే చాలా దూరం వెళ్లాలి పిల్లలూ, పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి దీవులదాకా. అక్కడి ఆదివాసులు తమను కానాకా మావోలి అని పిలుచుకుంటారు. సుమారు వెయ్యేళ్ల కిందట వాళ్ల పూర్వీకులు జంట పడవలు కట్టుకుని, నక్షత్రాలను, అలలను, పక్షులను గుర్తులుగా పెట్టుకుని ఆ దీవులకు చేరారు. పడవల్లో వెంట తెచ్చుకున్నవాటిలో ముఖ్యమైనది చేమ. మన పెరళ్లలో, కాలవ గట్లమీద పెరిగే చేమ జాతే అది. వాళ్ల భాషలో దాని పేరు కాలో.

చేమ గురించి వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఆకాశ పితకు పుట్టిన మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టింది. ఆ బిడ్డను పాతిపెట్టిన చోట చేమ మొక్క మొలిచింది. రెండోసారి పుట్టినవాడు మనిషి, పేరు హాలోవా. హవాయి వాళ్లంతా అతని సంతానమే. అంటే చేమ వాళ్లకు పంట కాదు, పెద్దన్న. అన్నను చూసుకోవడం తమ్ముడి వంతు, తమ్ముడికి అన్నం పెట్టడం అన్న వంతు. మన తెగల్లో ఇంటిపేరుతో ఒక జంతువునో చెట్టునో చుట్టంగా చూసుకుని, దాన్ని చంపని, నరకని ఆచారం ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మిగతావాళ్లకు వివరించాలి.

సముద్రానికీ అలాంటి వావివరసే ఉంది. 'కుములిపో' అని వాళ్ల సృష్టి గాథ ఉంది, రెండువేల పాదాలకు పైనే. అందులో చీకటిలోంచి మొదట పుట్టే జీవి పగడపు పురుగు. మనిషి చాలా తర్వాత వస్తాడు. సముద్రంలో పుట్టిన ప్రతి మొక్కకూ నేలమీద ఒక మొక్క కాపలా అని ఆ గాథలో జంటలు జంటలుగా వస్తాయి. ఈ గాథను 1889లో కాలాకావువా రాజు అచ్చు వేయించాడు. ఆయన చెల్లెలు లిలివోకలాని రాణి దాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది. రాజ్యం పోగొట్టుకుని, తన రాజభవనంలోనే బందీగా ఉన్న రోజుల్లో ఆమె ఆ పని మొదలుపెట్టింది. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ఇక చెరువు కథ.

హవాయిలో ఊరి హద్దు అంటే కొండ శిఖరం నుంచి సముద్రపు పగడపు దిబ్బ దాకా సాగే ఒక పొడవాటి ముక్క. దాన్ని అహుపువా అంటారు. కొండమీద అడవి, దిగువన వాగు, వాగు పక్కన చేమ మళ్లు, వాగు సముద్రంలో కలిసే చోట చేపల చెరువు. అన్నీ ఒకే ఊరివి, ఒకే పెత్తనం కిందివి. కొండమీద చెట్టు కొట్టినవాడు కింద చెరువులో చేపకు జవాబుదారీ. మన దగ్గర అడవి ఒక శాఖది, వాగు ఇంకో శాఖది, సముద్రం మరో శాఖది. ఒక సంతకం కోసం మూడు ఆఫీసులు తిరిగిన మాకు ఆ పద్ధతి ఎంత తెలివైనదో బాగా తెలుసు.

ఆ చెరువును లోకో ఇయా అంటారు. 'చేపల చెరువు' అనగానే మీకు కొల్లేరు పక్క చెరువులు, రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. మేత బస్తాలు, గాలి చక్రాలు, మందులు, కరెంటు బిల్లు. ఇది అలాంటిది కాదు. వాగు మొగ దగ్గర, లోతు తక్కువ ఉన్న సముద్రంలో, అర్ధచంద్రాకారంగా రాతి గట్టు కడతారు. లోపల మంచినీరు, ఉప్పునీరు కలుస్తాయి. ఆ ఉప్పుచప్ప నీళ్లలో ఎండ తగిలి పాచి బాగా పెరుగుతుంది. ఆ పాచిని మేసే చేపలనే పెంచుతారు. ఆవా అనేది మన పాలబొంత. ఇంకొకటి అమఅమ, అది మన పులికాట్‌లో కూడా దొరికే జాతి. ఒక్క గింజ మేత కొనే పని లేదు.

గట్టుకు అక్కడక్కడ మాకాహా అనే తూములుంటాయి. సన్నటి కర్రలను నిలువుగా, వేలు దూరేంత సందు వదిలి కట్టిన తడిక అనుకోండి. సముద్రంలోంచి పిల్లచేపలు ఆ సందుల్లోంచి లోపలికి వస్తాయి. లోపల తిని లావెక్కాక ఆ సందుల్లోంచి బయటికి పోలేవు. పోటు వచ్చినప్పుడు కొత్త సముద్రపు నీటి వాసనకు పెద్ద చేపలన్నీ తూము దగ్గరికి వచ్చి మూగుతాయి. కాపలాదారు వల వేసి కావలసినన్ని తీసుకుంటాడు, మిగిలినవాటిని వదిలేస్తాడు. ఈ తడిక మన వాళ్లు కాలవలకు అడ్డంగా కట్టే కట్టుకు దూరపు చుట్టమే.

1990లో జరిపిన ఒక సర్వేలో హవాయి దీవులన్నిటా ఇలాంటి చెరువుల స్థలాలు 488 గుర్తించారు. వాటిలో ఓఆహు దీవిలో, కానేఓహే అఖాతం ఒడ్డున ఉన్న హేయియా చెరువు గురించే మేము ఎక్కువగా చెప్పబోతున్నాం. దాని వయసు 600 నుంచి 800 ఏళ్లు. విస్తీర్ణం 88 ఎకరాలు. చుట్టూ గట్టు రెండు కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు 12 నుంచి 15 అడుగులు. రెండు వైపులా నల్లటి లావా రాయి పేర్చి, మధ్యలో పగడపు ముక్కలు నింపారు. సున్నం లేదు, సిమెంటు అసలే లేదు. గట్టు నీటిని పూర్తిగా ఆపదు, సందుల్లోంచి ఊరుతూ పోనిస్తుంది. అందుకే అన్ని వందల ఏళ్లు అలల దెబ్బకు నిలిచింది. ఇంత గట్టు కట్టాలంటే ఊరంతా బారు తీరి చేతి నుంచి చేతికి రాయి అందించుకోవాలి. అలా పది చేతులు కలిసి చేసే పనికి వాళ్ల భాషలో లావులిమ అని పేరు.

చెరువుకు కాపలాదేవత కూడా ఉంది. పేరు మెహెయను, బల్లి రూపం ఉన్న స్త్రీ. మన తీరంలో గంగమ్మకు మొక్కకుండా పడవ దించనట్టే, అక్కడ ఆమెను తలచుకోకుండా చెరువులో దిగేవారు కాదు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే చదువుకున్నవాళ్లు ఉంటారు. మేమూ ట్రైనింగ్ చదివిన రోజుల్లో అలాగే అనేవాళ్లం. చెరువుకు ఒక యజమానురాలు ఉందని, ఆమె చూస్తోందని అందరూ నమ్మితే రాత్రిపూట ఎవడూ దొంగతనంగా వల వేయడు. దాని పని అది చేసింది.

ఊరి పెద్దగా, నీటికీ వేటకీ అజమాయిషీదారుగా ఒక మనిషి ఉండేవాడు, కోనోహికి అని. ఫలానా దిబ్బ దగ్గర చేప తగ్గిందని తోస్తే అక్కడ కపు వేసేవాడు. కపు అంటే నిషేధం. అకు అనే తూర జాతి చేపను సగం ఏడాది పట్టకూడదు. ఆ సగంలో ఓపెలు అనే చిన్న చేపను పట్టుకోవచ్చు. తర్వాత తిరగబడుతుంది. అంటే ఒకటి గుడ్లు పెట్టుకుంటుంటే రెండోది కడుపు నింపుతుంది.

ఇదంతా స్వర్గమని చెప్పడం మా ఉద్దేశం కాదు. కపు తప్పితే మరణశిక్ష దాకా పోయేది. ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి తినకూడదు, కొన్ని పదార్థాలు ముట్టకూడదు. దొరల పెత్తనం గట్టిగానే ఉండేది. 1819లో ఆ మత కట్టుబాట్లను వాళ్ల రాజకుటుంబమే, అందులోనూ కావహుమాను అనే రాణి చొరవతోనే, రద్దు చేసింది. మన పెద్దల పద్ధతుల్లో కూడా నిలుపుకోవలసినవి ఉన్నాయి, వదులుకోవలసినవీ ఉన్నాయి. ఏవి ఏవో తేల్చుకోవలసింది మాత్రం మనమే.

1778లో కెప్టెన్ కుక్ ఓడలు హవాయికి వచ్చాయి. వాటి వెంట ఆ దీవులు ఎరగని జబ్బులు వచ్చాయి. లక్షల్లో ఉన్న జనం 1890 నాటికి సుమారు 40 వేలకు పడిపోయారు. రాయి మోయడానికి చేతులే లేకపోతే గట్టు ఎవరు కడతారు?

తర్వాత భూమి పోయింది. 1839లో మూడో కమేహమేహ రాజు పాత వేట హక్కులను రాతపూర్వక చట్టంగా మార్చాడు. పగడపు దిబ్బ లోపలి నీళ్లు కోనోహికికీ ఆ ఊరి జనానికీ అని స్పష్టంగా రాయించాడు. కోనోహికి ఒక జాతి చేపను తనకు ఉంచుకోవచ్చు, లేదా పట్టినదాంట్లో మూడో వంతు తీసుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంది. 1848లో భూముల పంపకం జరిగింది. అప్పటిదాకా ఎవరి సొంతమూ కాని నేలకు పట్టాలు పుట్టాయి. మామూలు జనం దరఖాస్తు పెట్టుకుని, సాక్షుల్ని తెచ్చుకుని, సర్వే చేయించుకుంటేనే పట్టా. చివరికి వాళ్ల చేతికి వచ్చింది మొత్తం భూమిలో ఒక్క శాతం కంటే తక్కువ. పోడు భూమి పట్టా కోసం తిరిగిన ఇంట్లో పుట్టిన పిల్లలకు మేము ఇంకా చెప్పాలా!

పెద్ద పెద్ద ముక్కలు చెరకు కంపెనీల చేతికి వెళ్లాయి. వాగుల నీళ్లు చెరకు తోటలకు మళ్లించారు. కొండలమీద పశువులు మేసి నేల బోడి అయింది. వాన పడితే ఎర్రమట్టి కొట్టుకొచ్చి చెరువుల్లో పడేది. 1893లో అమెరికా వ్యాపారుల ముఠా, అమెరికా సైనికులు ఒడ్డున దిగిన అండతో, లిలివోకలాని రాణిని గద్దె దింపింది. 1896లో బడుల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాషలో పాఠం చెప్పకూడదని చట్టం వచ్చింది. 1897లో విలీనం వద్దని 21 వేల మందికి పైగా సంతకాలు పెట్టి వాషింగ్టన్‌కు పంపారు. అయినా 1898లో కలిపేసుకున్నారు.

1900లో వచ్చిన పాలనా చట్టం వేట సంగతి కూడా తేల్చేసింది. గట్టు కట్టిన సొంత చెరువులను మినహాయించి, తీరపు నీళ్లలో వేట అమెరికా పౌరులందరికీ సమానం అంది. పాత హక్కు ఉందనేవాళ్లు రెండేళ్లలో కోర్టుకెళ్లి రుజువు చేసుకోవాలంది. 'అందరికీ సమానం' అనే మాట వినడానికి ఎంత బాగుంటుందో చూడండి. కపు వేసే మనిషికి అధికారం పోయింది. ఈ ఊరి దిబ్బ దగ్గర ఇవాళ పట్టొద్దు అని చెప్పే నోరు లేకుండా పోయింది. అందరిదీ అయినప్పుడు ఎవరిదీ కాదు. 65 ఏళ్ల తర్వాత హేయియా గట్టును వరద తెంపింది గానీ, మా ఉద్దేశంలో ఆ గట్టు అసలు తెగింది ఈ కాగితాల్లోనే.

1965 మేలో వాగు పొంగి సుమారు 200 అడుగుల మేర గట్టు కొట్టుకుపోయింది. బాగుచేసేవాళ్లు లేరు. సముద్రం లోపలికీ బయటికీ తన ఇష్టం వచ్చినట్టు తిరిగింది. చేప నిలవలేదు, బురద నిలిచింది. గట్టు మీద ఒక చెట్టు పాతుకుంది.

ఆ చెట్టు మడ చెట్టు అంటే మీరు నమ్మరు. మనం ఉప్పు పొన్న అని పిలిచే రకానికి దగ్గరి బంధువు.

మేము ఇక్కడ కాసేపు ఆగుతాం. ఎందుకంటే హాస్టల్‌లో ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు ఇక్కడే గొడవ చేశారు. "మడ అడవి మంచిది కదా మేడం, తుపానును ఆపుతుంది కదా, పీతలకు ఇల్లు కదా?" అన్నారు. మన దగ్గర నూటికి నూరు పాళ్లూ నిజం. కోరంగిలో, కృష్ణా మొగల్లో మడ లేకపోతే రొయ్య లేదు, పీత లేదు, యానాది ఇంట్లో పొయ్యి లేదు. కానీ హవాయిలో మడ చెట్టు అనేదే లేదు. కొండల నుంచి కొట్టుకొస్తున్న మట్టిని ఆపడానికని 1902లో ఒక చక్కెర కంపెనీ మొలొకాయి దీవిలో తెచ్చి నాటింది. దాన్ని అదుపులో ఉంచే తోడు జీవులేవీ అక్కడ లేవు. అది దీవి తర్వాత దీవి పాకింది. హేయియాలో దాని వేళ్లు గట్టు రాళ్ల మధ్య దూరి వాటిని పెకలించాయి. వేళ్ల చిక్కులో బురద చిక్కి చెరువు పూడిపోసాగింది.

కాబట్టి ఒక చోట ప్రాణదాత అయిన చెట్టు ఇంకొక చోట చెరువుకు పగవాడు. ఎక్కడ పడితే అక్కడ మొక్క నాటి ఫొటో దిగితే అది పునరుద్ధరణ అయిపోదు. ఈ నేలకు ఏది చుట్టం, ఏది చుట్టం కాదు అని తెలిసినవాళ్లు చెప్పాలి. ఆ తెలివి పుస్తకంలో కంటే ముందు ఊళ్లో ఉంటుంది.

చెరువు మళ్లీ లేవడానికి ముందు మనుషులు లేచారు. 1976లో, పాత నమూనాలో కట్టిన హోకులేయ అనే జంట పడవను దిక్సూచి కూడా లేకుండా నక్షత్రాల సాయంతో తహితి దీవి దాకా నడిపారు. హవాయిలో ఆ విద్య తెలిసినవాళ్లు మిగల్లేదు. మైక్రొనీషియాలోని సతవాల్ అనే చిన్న దీవి నుంచి మావు పియాయిలుగ్ అనే పెద్దాయన వచ్చి దారి చూపించాడు. తర్వాత హవాయి కుర్రాళ్లకు నేర్పించాడు కూడా. అదే ఏడాది, అమెరికా నావికాదళం బాంబులు వేసి సాధన చేసుకుంటున్న కహొవొలవె దీవిలో యువకులు దిగి కూర్చున్నారు. వాళ్ల నినాదం అలోహా ఆయినా, అంటే నేల మీద ప్రేమ. ఆయినా అనే మాటకు 'తిండి పెట్టేది' అని అర్థం. బాంబులు 1990లో ఆగాయి. 1978లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి హవాయి భాషను అధికార భాష చేశారు, సంప్రదాయ హక్కులను గుర్తించారు. 1984లో హవాయి భాషలోనే నడిచే పసిపిల్లల బడులు మొదలయ్యాయి.

ఆ గాలిలో పెరిగిన యువతీయువకులు కొందరు 2001లో 'పాయెపాయె ఓ హేయియా' అనే సంస్థ పెట్టి చెరువు బాధ్యత తీసుకున్నారు. ఆ చెరువు ఉన్న నేల బెర్నీస్ పావాహి బిషప్ అనే రాజకుమారి తన జాతి పిల్లల చదువు కోసం రాసిచ్చిన ఆస్తిలోది. హాస్టల్ నడిపేవాళ్లం కాబట్టి ఈ సంగతి చదివి మేము ప్రత్యేకంగా సంతోషించాం.

వాళ్లు వాడే మాటల్లో మాకు బాగా నచ్చినది కులెయానా. దానికి హక్కు అని అర్థం, బాధ్యత అని కూడా అర్థం. రెంటికీ ఒకటే మాట. మన సభల్లో హక్కులు ఒకరు మాట్లాడతారు, బాధ్యతలు ఇంకొకరు చదివిస్తారు. వాళ్లకు విడదీయడం రాదు. రాయి మోయని వాడికి చేప లేదు, చేప మీద హక్కు లేని వాడు రాయి ఎందుకు మోస్తాడు?

పని ఎలా సాగిందో చెబుతాం. శనివారాల్లో ఊరివాళ్లు, బడి పిల్లలు, బయటివాళ్లు వచ్చేవారు. మడ చెట్లను రంపాలతో కోశారు. వేళ్లు తీయడం కోయడం కంటే కష్టం. గట్టు రాళ్లను విప్పి, పాత పద్ధతిలోనే మళ్లీ పేర్చారు. చెరువులో ఇంకో చుట్టం కాని జీవి ఉంది. 1970లలో పరిశోధన కోసం, వ్యాపారం కోసం తెచ్చి అఖాతంలో వేసిన విదేశీ సముద్రపు నాచు. దాన్ని చేత్తో ఏరి, బస్తాల్లో నింపి, రైతులకు ఎరువుగా ఇచ్చారు. బయట అఖాతంలో పగడాల మీద పరుచుకున్న ఇలాంటి నాచును తీయడానికి ప్రభుత్వం పడవ మీద పెద్ద పీల్చే గొట్టం పెట్టింది. 2011 నుంచి ఆ నాచును మేసే అక్కడి సొంత జాతి సముద్రపు ముళ్లకాయ పిల్లల్ని పెంచి వదులుతోంది. ముళ్లకాయ అంటే ఒళ్లంతా ముళ్లున్న గుండ్రటి సముద్ర జీవి.

అన్నీ సజావుగా ఏమీ జరగలేదు. 2009లో గాలి పడిపోయి, నీళ్లు వేడెక్కి, ప్రాణవాయువు తగ్గి, చెరువులో పెంచుతున్న మోయి అనే చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. తాతల కాలంలో గాలి ఎప్పుడు ఆగుతుందో తెలుసు, ఇప్పుడు వాతావరణమే మారిపోయింది. అప్పుడు వాళ్లు అఖాతంలోనే ఉన్న విశ్వవిద్యాలయ సముద్ర పరిశోధన కేంద్రం వాళ్లతో కలిసి నీటి వేడిని, గాలిని కొలిచే పనిముట్లు పెట్టించారు. శాస్త్రవేత్తలు వచ్చారు గానీ యజమానులుగా కాదు. ఏం కొలవాలో చెరువు వాళ్లు చెబుతారు.

చెరువుకు ఎగువన, వాగు పక్కన పూర్వం చేమ మళ్లు ఉండేవి. అవి పాడుపడ్డాక వరద మట్టి నేరుగా చెరువులోకి దిగేది. 2010 ప్రాంతం నుంచి కాకోవో ఓయివి అనే మరో స్థానిక సంస్థ సుమారు 400 ఎకరాల్లో ఆ మళ్లను తిరిగి సాగులోకి తెస్తోంది. మడిలో నీళ్లు నిదానించి, మట్టి దిగి, తేరిన నీళ్లు చెరువుకు వెళ్తాయి. పెద్దన్నను నిలబెడితే ఆయన చెరువును కాపాడుతున్నాడు. సముద్రాన్ని బాగుచేసే పని కొండ కింద మడిలో మొదలైంది. ఇది మన్యంలో ఉన్న పిల్లలు వినాలి. సీలేరు, శబరి కలిసిన గోదావరి పాపికొండలు దాటి చివరికి చేరేది కోరంగి మడకే. మీ కొండమీద చెట్టు, అక్కడి పీత ఒకే ఊరివి.

2015 డిసెంబరులో 1965 నాటి గండిని పూడ్చారు. ఆ రోజు జనం గట్టు పొడవునా బారు తీరి, చేతి నుంచి చేతికి రాయి అందించుకున్నారు. యాభై ఏళ్ల తర్వాత చెరువు చుట్టూ గట్టు ఒకటైంది. 2017లో హేయియాను జాతీయ మొగ పరిశోధనా అభయస్థలంగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అదే సమయంలో కవాయి దీవిలో హాయెన ఊరివాళ్లు ఇంకో పోరాటం గెలిచారు. 1994లో వచ్చిన ఒక రాష్ట్ర చట్టం కింద, తమ తీరంలో ఎంత పట్టాలి, ఏ పనిముట్టుతో పట్టాలి అన్న నియమాలను ఊరే రాసుకుని, 2015లో ప్రభుత్వంతో ఒప్పించుకుంది. చేపలు గుడ్లు పెట్టే తిథులను గమనించి చంద్రుడి నెల ప్రకారం పట్టిక వేసుకున్న మొలొకాయి దీవిలోని మొవొమోమి ఊరు వాళ్లకు ముందు దారి చూపింది. 1900లో పోయిన నోరు 115 ఏళ్లకు ఒక ఊరికి తిరిగొచ్చింది. అప్పటికి ఒక్క ఊరికే. హవాయి ఇప్పటికీ తన తిండిలో ఎక్కువ భాగం ఓడల మీద తెప్పించుకుంటోంది. హేయియా చెరువులో ఇంకా తీయవలసిన మడ, బురద ఉన్నాయి.

మన దగ్గరికి వద్దాం. 1990లలో కోస్తా అంతటా రొయ్యల చెరువులు తవ్వినప్పుడు మడ అడవులు పోయాయి, కాలవలు మూసుకుపోయాయి. తర్వాత గోదావరి, కృష్ణా మొగల్లో మడను తిరిగి పెంచే పని మొదలైంది. మొక్క నాటితే చచ్చిపోతోంది. పోటు నీళ్లు ఆగిపోయి, ఎండకు ఉప్పు పేరుకుపోవడమే కారణమని తేలింది. అప్పుడు చేప ముల్లు ఆకారంలో, నడుమ ఒక పెద్ద కాలవ, పక్కలకు పిల్ల కాలవలు తవ్వి పోటు పాటులకు దారి ఇచ్చారు. మడ లేచింది. అటవీ శాఖ, స్వామినాథన్ ఫౌండేషన్, ఊరి కమిటీలు కలిసి చేసిన పని అది. నీళ్లకు దారి ఇస్తే మడ తనే వస్తుందన్న మాట కాలవల్లో పుట్టి పెరిగినవాళ్లకు కొత్త కాదు.

హక్కు సంగతి కూడా తెలుసుకోండి. అటవీ హక్కుల చట్టం, 2006లో సెక్షన్ 3(1)(డి) చూడండి. అడవిలోని నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అని అందులో ఉంది. మడ అడవి కూడా అడవే. యానాదులు ఎక్కువమంది షెడ్యూల్డ్ ప్రాంతాల బయట ఉంటారు కాబట్టి పెసా చట్టం వాళ్లకు పనికి రాదు, ఈ చట్టం మాత్రం అక్కడ కూడా వర్తిస్తుంది. దరఖాస్తు పెట్టాలంటే మన పెద్దలు ఏ కాలవలో, ఏ తిథిలో, ఏం పట్టేవారో చెప్పగలగాలి. నాన్న వృత్తి 'కూలి' అని రాసిన ఇంటికి ఆ సాక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని మా హాస్టల్‌లో పోయిన సంక్రాంతి సెలవులకు ఒక హోంవర్క్ ఇచ్చాం. ఇంటికెళ్లి తాతనో నాయనమ్మనో అడిగి రాసుకురండి అన్నాం. మీ కాలవకు పేరేమిటి, ఏ మలుపును ఏమంటారు? అమావాస్య పోటుకూ అష్టమి పోటుకూ తేడా ఏమిటి? గుడ్లున్న పీత చేతికి వస్తే ఏం చేసేవారు? ఏ నెలలో దిగేవారు కాదు? గంగమ్మకు ఎక్కడ మొక్కేవారు? మీరూ అడగండి. తెలుగులోనే రాయండి, మీ తెగ భాష ఉంటే అందులోనూ రాయండి. వచ్చే ఆగస్టు సంచికకు మన సంఘానికి పంపండి.

మా పిల్లలు ఇప్పటికి పదకొండు కాలవల పేర్లు తెచ్చారు. వాటిలో మూడింటి మీద ఇప్పుడు రొయ్యల చెరువులున్నాయి. 'నవ్వుతారు' అన్న పాప ఒక్కతే నాలుగు పేర్లు తెచ్చింది.